మేడ మీది మెల్‌బోర్న్

వైకుంఠరావుకి ఒడిశాలోని బరంపురంలో బాత్రూం సామాన్ల దుకాణం ఉంది. కుళాయిలు, కమోడ్లు, వాష్‌బేసిన్లు అమ్ముతాడు. దాన్ని దుకాణమని ఎవరైనా అంటే ఒప్పుకోడు, షోరూం అని సరిదిద్దుతాడు. ఊరి చివర హల్దియాపదర్‌లో కట్టుకున్న రెండంతస్తుల ఇంటిని విల్లా అంటాడు. ఇంట్లో అందరిలాగే యాసలో మాట్లాడే మనిషి, అవతల కాస్త పెద్దవాళ్ళున్నారని తెలిస్తే పేపర్లో అచ్చయినట్టు మాట్లాడతాడు. కూతురు పుణ్యవతికి మెల్‌బోర్న్‌లో ఒక యూనివర్సిటీలో ప్రజారోగ్యం మీద పెద్ద చదువుకి సీటొచ్చిందని తెలిసిన రోజున మాత్రం ఆయనకి దేన్నీ సరిదిద్దే అవసరం కలగలేదు. ఆ వార్త ఉన్నదున్నట్టుగానే కావలసినంత పెద్దదిగా ఉంది.

2020 మార్చి మొదటి వారంలో హాలు తీసుకుని వీడ్కోలు సభ పెట్టాడు. వీసా ఆలస్యమవడంతో అక్కడ క్లాసులు అప్పటికే మొదలైపోయాయి, అయినా సభ ఆపలేదు. గుమ్మం దగ్గర పన్నెండడుగుల ఫ్లెక్సీ. అందులో కంగారూ పక్కన పుణ్య నవ్వుతోంది. వెనకాల సముద్రం ఒడ్డున తెల్లటి తెరచాపల్లాంటి పెద్ద భవనం.

"నాన్నా, అది సిడ్నీలో ఉంటాది. నేనెల్తన్నది మెల్‌బోర్న్," అంది పుణ్య.

"దేశం ఒకటే కదేటి. బరంపురమోడు భువనేశ్వర్ బొమ్మ ఏసుకోడా?" అన్నాడు వైకుంఠరావు.

పొలసర నించి ఆయన అక్క కూర్మమ్మ కూడా వచ్చింది. ఆమె కొడుకు లక్ష్ముడు ఆరేళ్ళుగా సూరత్‌లో మరమగ్గాల మీద పని చేస్తున్నాడు. భోజనాల దగ్గర ఎవరో, మీ వంశంలో ఇంతదూరం వెళ్ళింది ఈ పిల్లేనా అని అడిగితే కూర్మమ్మకి మాట్లాడే సందు దొరికింది.

"మా లక్ష్ముడు కూడా దూరమే ఎల్నాడు బాబూ. రైల్లో రెండు రోజులు..."

"అప్పా, నువ్వింకా సేపలు ఏయించుకోనేదు," అని తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకుని వడ్డించే వాళ్ళ వైపు నడిపించేశాడు.

పుణ్య కూడా తండ్రి కూతురే. బరంపురం ఎండల్లో చూస్తేనే చెమట పట్టించే పొడుగు ఉన్నికోటు కొనుక్కుంది. కాలేజీ స్నేహితురాళ్ళతో చివరిసారి చాట్ తింటూ, "మీరిక్కడ ఎలా బతుకుతారే," అంది. మార్చి ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం భువనేశ్వర్ విమానాశ్రయం ముందు ఆ కోటు తొడుక్కుని, ట్రాలీ మీద చెయ్యి వేసి ఫోటో దిగింది. 'కొత్త ఆకాశం' అని రాసి అప్పటికప్పుడే అందరికీ కనబడేలా పెట్టేసింది. మూడు వందలమంది మెచ్చుకున్నారు. ఇరవై నిమిషాల తర్వాత కౌంటర్లో కూర్చున్న అమ్మాయి చెప్పింది. ఆ రాత్రి నించి ఆస్ట్రేలియా సరిహద్దులు మూసేస్తోంది. అక్కడి పౌరులు తప్ప ఎవరూ రాకూడదు. టికెట్టు ఉన్నా లాభం లేదు.

వైకుంఠరావు ఆ అమ్మాయితో పత్రికా భాషలో చాలాసేపు వాదించాడు. ఆమె ఒడియాలో ఒకే ముక్క మూడుసార్లు చెప్పింది.

అర్ధరాత్రి దాటేదాకా అక్కడే ఆశగా కాచుకుని బయల్దేరితే, మర్నాడు తెల్లవారేసరికి కారు హల్దియాపదర్ చేరింది. వీధిలో ఎవరూ లేరు. పుణ్య మేడ మీదికి వెళ్ళి కోటుతోనే మంచం మీద పడిపోయింది. ఎనిమిదింటికి మొదటి ఫోను వచ్చింది, వ్యాపారుల సంఘం పెద్దమనిషి.

"అమ్మాయి క్షేమంగా చేరిందా?"

వైకుంఠరావు ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో ఆయనకి పన్నెండడుగుల ఫ్లెక్సీ, రెండు వందల భోజనాలు, మైకులో తను ఇచ్చిన ఉపన్యాసం కళ్ళ ముందు కదిలాయి.

"ఆఁ," అన్నాడు.

ఆయన ఆడిన అబద్ధం అంతే. ఒక్క అక్షరం. మిగతాదంతా అవతలివాళ్ళే పూర్తి చేసుకున్నారు. ఫోను పెట్టేశాక భార్య చిట్టమ్మ ఆయన ముఖం వైపు చూసింది.

"ఏటండీ అది?"

"రెండు వారాల్లో తెరుత్తారు. ఎల్లిపోతాది. ఈలోగా ఊరందరికీ సెప్పుకోవడం దేనికి?"

పుణ్యని అడిగితే ఆమె వద్దనలేదు. వెనక్కి వచ్చేశానని ఆ మూడు వందలమందికి చెప్పడం కన్నా రెండు వారాలు గదిలో పడి ఉండడమే ఆమెకి తేలిగ్గా తోచింది.

ఇంతలో దేశమంతా తలుపులు వేసుకుంది. ఎవరూ ఎవరింటికీ రాని రోజులు కావడంతో మనిషిని దాచడం అంత కష్టం కాలేదు.

క్లాసులు కంప్యూటర్లో మొదలయ్యాయి. మెల్‌బోర్న్‌లో పొద్దున తొమ్మిదంటే బరంపురంలో నాలుగున్నర. అలారం మోగగానే పుణ్య మొహం కడుక్కుని, పైన మంచి చొక్కా, కింద పాత పావడాతో తెల్లగోడకి వీపు పెట్టి కూర్చునేది. మొదటి రోజున మేడం ఒక్కొక్కరినీ ఎక్కడినించి హాజరవుతున్నారని అడిగింది. ఒక అమ్మాయి నాన్‌జింగ్‌లో ఇరుక్కుపోయింది, ఒకబ్బాయి ఖాట్మండులో. పుణ్య బరంపురం అంది, ఒడిశా, ఇండియా. మేడం పాపం ఆ పేరు పలకడానికి రెండుసార్లు ప్రయత్నించింది. ఆ విధంగా పుణ్య బరంపురంలో ఉందన్న సంగతి మెల్‌బోర్న్‌లో అందరికీ తెలిసింది. తెలీనిది బరంపురంలోనే.

లాక్‌డౌన్ కాస్త సడలాక రోజూ పొద్దున ఏడింటికి చేపల కన్నమ్మ వీధిలోకి వచ్చి కేకేసేది. క్లాసులో అందరికీ ఆ గొంతు వినబడేది. ఒకరోజు మేడం పాఠం ఆపి, "ఎంత బాగుంది, అది ప్రార్థనా గీతమా?" అని అడిగింది.

"కాదండీ. కవళ్ళ చేపలు వచ్చాయంటోంది. రొయ్యలు రేపు తెస్తుందట," అంది పుణ్య. మేడం అది కూడా రాసుకుంది.

పన్నెండున్నరకి క్లాసులయ్యేవి. తర్వాత పుణ్యకి చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు. కిటికీ తెర తియ్యకూడదు, పగలు డాబా మీదికి పోకూడదు, గట్టిగా నవ్వకూడదు. దగ్గొస్తే తలగడలో మొహం పెట్టుకుని దగ్గేది. వైకుంఠరావు మాత్రం రోజూ సాయంత్రం ఎక్కడినించో మెల్‌బోర్న్ ట్రాముల బొమ్మలు సంపాదించి, 'మా పుణ్య కాలేజీకి వెళ్ళే ట్రాము' అని రాసి బంధువుల వాట్సాప్ గుంపులో, కాలనీ గుంపులో పెట్టేవాడు. అక్కడ కూడా లాక్‌డౌనేననీ, ట్రాముల్లో ఎవరూ ఎక్కడం లేదనీ కూతురు చెప్పింది.

"అందుకే కాళీగా ఉన్న ట్రామునే ఏసినాను," అన్నాడాయన.

అసలు బాధంతా చిట్టమ్మది. ఎదురింటి కాసులమ్మ పొద్దంతా బాల్కనీ కుర్చీలోనే ఉంటుంది. చిట్టమ్మ ముగ్గు వేయడానికి వచ్చినా, చెత్తబుట్ట పెట్టడానికి వచ్చినా ప్రశ్న సిద్ధం.

"మీ పుణ్య ఏటి తింటన్నాదమ్మా అక్కడ?"

"ఆకులమ్మా. పచ్చాకులూ, బ్రెడ్డూ. సగమైపోనాది పిల్ల," అనేది చిట్టమ్మ. మేడ మీద పిల్ల వంకాయా ఎండురొయ్యల కూర రెండోసారి వడ్డించుకుంటూ ఉండేది.

"ఎండలెలాగున్నాయట?"

"ఓలమ్మ, మాడిపోతన్నాదట."

"మరి టీవీలో అక్కడిప్పుడు చలికాలం అన్నారు?"

చిట్టమ్మ చీపురు కింద పెట్టి ఆలోచించింది. "సలికే మాడిపోతన్నాదట," అని లోపలికి వచ్చేసింది. ఆ రోజు మేడెక్కి కూతురి మీద విరుచుకుపడింది. "నాకు ఆ దేశం సంగతులన్నీ ఒక కాయితం మీద రాసియ్యి. నీ సదువు నువ్వు సదువుతన్నావు. పరీచ్చలు నాకెడతన్నారు."

కాసులమ్మకి అంతకన్నా పెద్ద అనుమానం చేపల దగ్గర వచ్చింది. ఇద్దరే ఉన్న ఇంట్లో ముగ్గురికి సరిపడా చేపలెందుకు కొంటున్నారని కన్నమ్మని నిలేసింది. కన్నమ్మకి బేరం పాడుచేసుకోవడం ఇష్టం లేక, "ఆ బాబుకి ఆకలెక్కువ," అని చెప్పి వెళ్ళిపోయింది.

మే నెలలో సూరత్ నించి రైళ్ళు రావడం మొదలైంది. బరంపురం చుట్టూ ఉన్న గంజాం జిల్లా వాళ్ళు వేలమంది దిగుతున్నారు. దిగినవాళ్ళని దిగినట్టే బస్సుల్లో ఎక్కించి వాళ్ళ ఊళ్ళ బడుల్లో క్వారంటైన్ చేస్తున్నారు. జబ్బు వాళ్ళతోనే వస్తోందని ఊరంతా గగ్గోలు. అప్పుడు వైకుంఠరావులోని నాయకుడు నిద్ర లేచాడు. కాలనీ కమిటీ అని ఒకటి పెట్టించి తనే అధ్యక్షుడయ్యాడు. బ్యాంకు గుమాస్తా లక్ష్మణరావుని కార్యదర్శిని చేశాడు. సందు మొదట్లో రెండు గుంజలు పాతించి అడ్డంగా వెదురుబొంగులు కట్టించాడు. తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో బోర్డు రాయించాడు. 'బయటి ప్రదేశముల నుండి వచ్చినవారికి ప్రవేశము నిషిద్ధము. దాచినవారు శిక్షార్హులు.'

ఆఖరి వాక్యం ఆయనే చేర్చాడు. వాక్యం బరువుగా ఉంటుందని చేర్చాడు తప్ప మేడ మీద ఎవరున్నారో ఆయనకి ఆ సమయంలో గుర్తు రాలేదు.

లక్ష్ముడు ఆ రైళ్ళలోనే వచ్చాడు. పొలసర దగ్గర బడిలో ఇరవయ్యొక్క రోజులు, తర్వాత ఇంట్లో మరో వారం గడిపాడు. తల్లి ఒక పనసకాయ ఇచ్చి, మావయ్యనీ అత్తనీ చూసి రమ్మంది. జూన్ నెల మధ్యలో ఒక పొద్దున అరువు మోటారుసైకిలు మీద, జేబులో డాక్టరు కాగితంతో, వెనకాల పనసకాయతో వచ్చి వెదురుబొంగుల దగ్గర ఆగాడు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి.

"మావా, అమ్మ పంపింది," అన్నాడు పనసకాయ చూపించి.

అక్కడ కాపలా నిలబడ్డ వైకుంఠరావు మాస్కు సర్దుకున్నాడు. నాలుగిళ్ళవాళ్ళు చూస్తున్నారు. "చూడు నాయనా. నియమం నియమమే. బంధుత్వాలకు ఇందులో తావు లేదు," అన్నాడు.

లక్ష్ముడికి ఆ భాష ఎవరిదో అర్థం కాలేదు. మావయ్య వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు. "కాయితం ఉన్నాది మావా. డాట్రుబాబు సంతకం. నాకేటీ నేదు."

"కాగితములు చూచుటకు నేను వైద్యుణ్ణి కాను. పనసకాయ అక్కడ పెట్టి వెళ్ళు. రెండు రోజులు ఎండలో ఉంచి తీసుకుంటాం."

లక్ష్ముడు పనసకాయని బొంగుల కింద పెట్టాడు. ఆరేళ్ళు దూరంలో ఉండి, ఇరవయ్యొక్క రోజులు బడిలో ఉండి, చివరికి మేనమామ వీధిలో కూడా నిలబడ్డానికి లేదని అతనికి మనసు చివుక్కుమంది. బండి తిప్పబోతూ ఇంటి వైపు ఒకసారి చూశాడు.

చినుకులు పెద్దవయ్యాయి. చిట్టమ్మ పొద్దున డాబా మీద గుడ్డ పరిచి వడియాలు పెట్టింది. ఆమె వంటింట్లో ఉంది. మేడ మీద పుణ్య క్లాసు మధ్య విరామంలో ఉంది. వాన చప్పుడు వినగానే, మూడు నెలల కట్టుబాటంతా మరిచిపోయి, వడియాలు తడిసిపోతాయన్న ఒకే ఒక్క ఆలోచనతో డాబా మీదికి పరుగెత్తి గుడ్డ నాలుగు కొసలూ పట్టుకుని లేచింది.

"పుణ్యా," అన్నాడు లక్ష్ముడు. మగ్గాల చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి అతని గొంతు పెద్దదైపోయింది. "ఎప్పుడొచ్చీసినావే ఆస్ట్రేలియా నించి?"

ఎదురు బాల్కనీలో కాసులమ్మ కుర్చీలోంచి లేచింది. కార్యదర్శి లక్ష్మణరావు తన గుమ్మంలోకి వచ్చాడు. పుణ్య వడియాల మూటతో గదిలోకి దూరిపోయింది. అది అందరూ చూశారు.

"అక్కడెవరూ నేరు. నీకు ఎండదెబ్బ తగిలినాది," అన్నాడు వైకుంఠరావు. కంగారులో పత్రికా భాష పోయింది.

"వానలో ఎండదెబ్బేటి మావా? చెయ్యి కూడా ఊపబోనాది."

లక్ష్మణరావు బొంగుల దాకా నడిచి వచ్చి, ఒక బారెడు దూరంలో ఆగాడు. "వైకుంఠరావు గారూ, ఫారిన్ నించి వచ్చిన మనిషిని ఇంట్లో దాచినారా? మొన్ననే పక్క వార్డులో ఇద్దరు పోయినారు. ఇంట్లో మా అమ్మకి డెబ్బయ్యారేళ్ళండి."

అతని గొంతులో ఉన్నది కోపం కాదు, భయం. లక్ష్ముడు వాళ్ళిద్దరినీ చూసి, తను ఏదో చెడగొట్టానని గ్రహించి, ఆ వానలో అలాగే నిలబడిపోయాడు.

ఎవరు ఫోను చేశారో తెలీదు. మధ్యాహ్నం రెండింటికి అంతా దీదీ అని పిలిచే ఆశా కార్యకర్త సబిత వచ్చింది, కార్పొరేషన్ నించి ఒక ఉద్యోగితో. సబిత ఎండల్లో, వానల్లో ఆ వార్డు మూడు నెలలుగా తిరుగుతున్న మనిషి. చేతిలో రిజిస్టరు, చంకలో 'ఈ ఇంట్లో క్వారంటైన్‌లో ఉన్నారు' అన్న ఎర్ర కాగితాలు. వీధి వీధంతా తలుపుల్లో నిలబడి ఉంది.

"విదేశం నించి వచ్చిన అమ్మాయి ఇక్కడుందట. ఏ రోజు వచ్చింది?" అని ఆమె గేటు బయటినించి అడిగింది. సబితది ఒడియా, ఈ వీధి వాళ్ళకి ఆ భాషా ఇంటిభాషే.

వైకుంఠరావు ముందు రెండు దార్లున్నాయి. కూతురు వెళ్ళనేలేదని చెప్పాలి, లేదా వెళ్ళి వచ్చిందని చెప్పాలి. వెళ్ళి వచ్చిందంటే గేటుకి ఎర్ర కాగితం అంటిస్తారు, పద్నాలుగు రోజులు పాలవాడు కూడా రాడు. కాని ఆ కాగితం మీద 'ఆస్ట్రేలియా' అని రాస్తారు.

"మొన్న వచ్చింది," అన్నాడు.

చిట్టమ్మ గుమ్మంలో తల పట్టుకుంది.

"ఏ విమానం?" అన్నాడు ఉద్యోగి.

"స్పెషల్."

"స్పెషల్ విమానాల్లో వచ్చినవాళ్ళ పేర్లన్నీ మా దగ్గర ఉన్నాయి. వాళ్ళని ముందు సెంటర్లో ఉంచుతాం. మీ అమ్మాయి పేరు ఇందులో లేదు." అతను కాగితం తిరగేశాడు. "అంటే సెంటర్‌కి వెళ్ళకుండా తప్పించుకొచ్చిందా? అయితే పోలీసులకి చెప్పాలండీ."

పోలీసులనేసరికి వైకుంఠరావు వీధి వైపు ఒకసారి చూశాడు. మాస్కులోంచి ఏదో గొణిగాడు.

"వినబడలేదు," అంది సబిత.

"ఎల్లనేదు."

"ఎవరు? ఎక్కడికి? మాస్కులో మాట తెలీడం లేదు. గట్టిగా చెప్పండి."

"మా పుణ్య ఆస్ట్రేలియా ఎల్లనేదు," అన్నాడు వైకుంఠరావు. వాన వెలిసి వీధి నిశ్శబ్దంగా ఉండడం వల్ల చివరి ఇంటిదాకా వినబడింది. "మార్చి నించీ ఇంట్లోనే ఉన్నాది."

సబిత రిజిస్టరు మూసింది. "అయితే ఏ గొడవా లేదు కదా," అంది.

గొడవ అక్కడే మొదలైంది. ఎవరూ నమ్మలేదు.

"ట్రాములో కాలేజీకి ఎల్తన్నాదని వాళ్ళమ్మే సెప్పినాది," అంది కాసులమ్మ బాల్కనీలోంచి. "పచ్చాకులు తిని సిక్కిపోనాదట. సలికి మాడిపోనాదట. అన్నీ నాను గురుతెట్టుకున్నాను."

"ఫోటోలు కూడా పెట్టారండీ," అన్నాడు లక్ష్మణరావు. ఫోన్లో ట్రాము చూపించాడు.

"అన్నీ అబద్దాలమ్మా," అంది చిట్టమ్మ. మూడు నెలల తర్వాత ఆమె ముఖంలోకి కాస్త రక్తం వచ్చింది. "నాకు ట్రామంటే ఏటో కూడా తెల్దు. ఈయన ఏది సెప్తే అదే సెప్పినాను."

అయినా వీధి ఒప్పుకోలేదు. మూడు నెలలు అబద్ధమాడినవాళ్ళు ఇప్పుడు మాత్రం నిజం ఎందుకు చెబుతారు? కాగితం అంటించాల్సిందేనన్నారు. కమిటీలో వాళ్ళు ఇద్దరు వెళ్ళి, సందు మొదట్లోని వెదురుబొంగు ఒకటి ఊడదీసుకొచ్చి అధ్యక్షుడి గేటుకి అడ్డంగా కట్టారు. ముడి ఎలా వెయ్యాలో ఆయన నేర్పినదే.

ఉద్యోగి విసుక్కున్నాడు. రోగం లేని ఇంటికి కాగితం అంటించడానికి తనకి అధికారం లేదన్నాడు. అప్పుడు వైకుంఠరావు గేటు ఊచల దగ్గరికి వచ్చి సబితతో నెమ్మదిగా అన్నాడు.

"పోనీ అంటించీండి దీదీ. పరవాలేదు. వాళ్ళకోసమే. ఆస్ట్రేలియా అని రాయండి."

ఈ మాటలు మేడ మెట్ల మీద నిలబడ్డ పుణ్యకి వినబడ్డాయి. అప్పటిదాకా ఆమె కూడా భయపడుతూనే ఉంది. ఆ కాగితం వస్తే ఒక విధంగా తనకీ పరువు దక్కుతుందన్న ఆలోచన ఆమెకీ రాకపోలేదు. కాని తండ్రి జబ్బునైనా నెత్తిన పెట్టుకుంటానని బతిమాలుతుంటే చూశాక ఆ ఆలోచన ఆమెకే రోతగా తోచింది. బీరువాలోంచి పాస్‌పోర్టు తెచ్చి, పైన మంచి చొక్కా, కింద పాత పావడాతోనే గేటు దగ్గరికి వచ్చింది.

"ఇది సూడండి. ఒక్క ముద్ర నేదు. విమానాశ్రయం దాకా ఎల్లి తిరిగొచ్చినాను. ఫోటో పెట్టినాను కాబట్టి సిగ్గేసి దాక్కున్నాను. కాయితం అంటించొద్దు."

సబిత పేజీలు ఒక్కొక్కటీ తిప్పింది. తిప్పి, వీధివాళ్ళకి కనబడేలా తెరిచి ఎత్తి పట్టుకుంది. తెల్ల పేజీలు. కాసులమ్మ కళ్ళజోడు పెట్టుకుని బాల్కనీ అంచుదాకా వంగింది.

"అయితే మూడునెల్లు గదిలో కూకుండి ఏటి సేసినావు?" అని అడిగింది.

"సదువుకున్నాను."

"ఏటి సదువు?"

"జబ్బులొచ్చినప్పుడు జనం ఎలా నడుసుకోవాలో," అంది పుణ్య.

లక్ష్ముడు ఒక్కడే నవ్వాడు. మావయ్య వెళ్ళమన్నా, ఎవరూ రమ్మనకపోయినా, మధ్యాహ్నం దాకా బొంగుల అవతల బండి మీద కూర్చునే ఉన్నాడతను. చిట్టమ్మ భర్త వైపు చూడకుండా గేటుకి కట్టిన వెదురుబొంగు కిందనించి దూరి బయటికి వెళ్ళింది. పనసకాయ ఎత్తుకుంది. "రారా లక్ష్ముడూ, అన్నం తిందువుగాని," అంది. అతను వచ్చి అరుగు మీద కూర్చుని తిన్నాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. చెప్పవలసిన అధ్యక్షుడు లోపల పడుకున్నాడు.

ఆరోగ్య కారణాల వల్ల వైకుంఠరావు కమిటీ పదవి వదులుకున్నాడు. కారణం ఆయనే రాసుకున్నాడు. ఒక నెల షోరూం వైపు కూడా పోలేదు. వెళ్ళిన మొదటి రోజే కొనడానికొచ్చిన ఒకాయన వాష్‌బేసిను చూస్తూ, "ఇది దిగుమతి సరుకా, లేక మార్చి నించి ఇంట్లోనే ఉన్నదా?" అని అడిగాడట. ఈ మాట బరంపురంలో చాలారోజులు తిరిగింది.

పుణ్య చదువులో ఫీల్డ్‌వర్క్, అంటే జనం మధ్య తిరిగి వివరాలు సేకరించడం, ఒక భాగం. బయటికి పోలేని విద్యార్థులు ఎక్కడున్నవాళ్ళు అక్కడే చెయ్యొచ్చని యూనివర్సిటీ వాళ్ళు రాశారు. పుణ్య సబితని అడిగింది.

"గట్టి చెప్పులున్నాయా?" అంది సబిత. అదొక్కటే ఆమె చూసిన అర్హత.

ఉన్నికోటు అట్టపెట్టెలో పెట్టేసి, పుణ్య క్వారంటైన్ బడులన్నీ తిరిగింది. పొలసర వైపు లక్ష్ముడు తీసుకెళ్ళేవాడు. బడుల్లో ఉన్నవాళ్ళు ఆమె ప్రశ్నలకి పొడిపొడిగా జవాబులు చెప్పి, తర్వాత లక్ష్ముడితో అసలు సంగతులు చెప్పేవారు. గడువు తీరినా భార్య తలుపు తియ్యలేదని ఒకడు చెప్పాడు. ఊరిబావి దగ్గర తన బిందె ఒక్కదాన్నే విడిగా పెట్టారని ఇంకొకడు చెప్పాడు. పుణ్య రాసుకునేది. రాసుకుంటుంటే ఒకసారి లక్ష్ముడు అడిగాడు.

"ఇదంతా రాసి అక్కడికి పంపుతావా?"

"ఆఁ."

"ఆళ్ళేటి సేత్తారు?"

"మార్కులేత్తారు బావా."

"ఎవులికి?"

పుణ్య పెన్ను మూసేసింది. ఆ రోజు ఇంకెవరినీ ఏమీ అడగలేదు.

తన వ్యాసంలో ఆమె తండ్రిని కూడా రాసింది. పేరు లేకుండా, 'యాభై నాలుగేళ్ళ వ్యాపారి' అని. విదేశం వెళ్ళలేదన్న నామోషీ కన్నా రోగి అన్న ముద్రే నయమనుకుని, ఎర్ర కాగితం అంటించమని స్వయంగా కోరాడని రాసింది. మేడం వ్యాసమంతా మెచ్చుకుని ఆ ఒక్కచోట మాత్రం గీత గీసింది. 'ఇది అతిశయోక్తిలా ఉంది. ఆధారం చూపండి.' పుణ్య చాలాసేపు ఆలోచించి ఆ పేరా తీసేసింది.

సరిహద్దులు తెరిచేసరికి 2021 డిసెంబరు. అప్పటికి ఆమె చదువు మేడ మీదే పూర్తయిపోయింది. డిగ్రీ కాగితం కొరియర్లో వచ్చింది. వైకుంఠరావు దాన్ని చట్రం కట్టించాడు. స్నాతకోత్సవానికి వెళ్ళి రమ్మని, కనీసం ఒక ఫోటో అయినా దిగి రమ్మని కూతుర్ని నాలుగు రోజులు బతిమాలాడు. అప్పటికి ఆమె ఒక స్వచ్ఛంద సంస్థలో చేరింది. ఆ వారమే ఖల్లికోట వైపు చిలికా సరస్సు ఒడ్డు పల్లెల్లో సర్వే ఉంది. ఆమె అటే వెళ్ళింది.

అక్కడ జగ్గమ్మ అనే ముసలామె చేపలు చీరుతూ, కత్తిపీట మీదినించి తల ఎత్తకుండానే ప్రశ్నలకి జవాబులు చెప్పింది. ఇంట్లో ఎంతమంది, నీళ్ళెక్కడివి, జ్వరాలెన్నిసార్లు. అన్నీ అయ్యాక తను అడిగింది.

"నువ్వేటి సదివినావమ్మా?"

పుణ్య చెప్పింది.

"ఎక్కడ సదివినావు?"

"మెల్‌బోర్న్ అని, ఆస్ట్రేలియాలో. కాని నేనెల్లనేదు. ఇంట్లో కూకునే సదివినాను. బరంపురంలో."

జగ్గమ్మ కత్తిపీట దగ్గర చెయ్యి ఆపి మొదటిసారి ఆమెని పరీక్షగా చూసింది.

"ఇంట్లో కూకుని సదివినదానికి ఆళ్ళకెందుకు కట్టినారు డబ్బులు?"

పుణ్య చేతిలోని సర్వే కాగితాలు సర్దుకుంది. నవ్వింది. జగ్గమ్మ నవ్వలేదు, ఆమె నిజంగానే తెలుసుకుందామని అడిగింది. కాసేపు చూసి, జవాబు రాదని తేలాక, మళ్ళీ చేప అందుకుంది.

"కాలు కాస్త జరుపమ్మా, వల తొక్కతన్నావు," అంది.